మాన్యువల్ గేర్ కారు ఇంజన్ ఆయిల్ తాగేస్తోందా? ఇంజన్ దించే ముందు కారణం పట్టుకోవడం ఎలా

ఆయిల్ మార్చి రెండు నెలలు కూడా కాలేదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే కింది గీత దగ్గర కాస్త తడి తప్ప ఏమీ లేదు. కారు కింద చూస్తే పెద్దగా మరకలు లేవు. గ్యారేజీలో చెబితే బానెట్ ఎత్తకుండానే "ఇంజన్ బోరుకొచ్చింది, దించాల్సిందే" అంటారు. టెన్షన్ మొదలయ్యేది అక్కడే.

ఆ మాట నిజం కావచ్చు. కానీ ఆయిల్ తగ్గడానికి ఉన్న కారణాల్లో పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరగడం ఒకటి మాత్రమే. గట్టిపడిపోయిన ఓ చిన్న రబ్బరు పైపు, ఎండిపోయిన ఆయిల్ సీల్, డిప్‌స్టిక్ గీత దాటించి పోసిన ఆయిల్ కూడా అదే పని చేస్తాయి. పైగా మాన్యువల్ కారులో గేర్ రాడ్, క్లచ్ మీ చేతిలోనే ఉంటాయి కాబట్టి వాటితోనే ఇంజన్‌ని చాలావరకు పరీక్షించుకోవచ్చు. కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. ఖర్చు లేని పనులు ముందు, ఇంజన్ విప్పే పనులు చివర.

ముందు కొలత

ఎంత తగ్గుతోంది, ఎన్ని కిలోమీటర్లకు తగ్గుతోంది అన్న లెక్క లేకుండా ఏ గ్యారేజీకి వెళ్లినా పని ఊహ మీదే జరుగుతుంది. అందుకే ఈ మెట్టు దాటేయకండి.

కారుని సమతలంగా ఉన్న చోట ఆపండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. ఇంజన్ వేడెక్కాక ఆపేసి 10 నిమిషాలు ఆగితే పైనున్న ఆయిల్ అంతా చాంబర్‌లోకి (ఇంజన్ అడుగునుండే ఆయిల్ తొట్టిలోకి) దిగుతుంది. డిప్‌స్టిక్ బయటికి తీసి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి దించి, మళ్లీ తీసి చూడండి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే మట్టాన్ని నమ్మకండి. గొట్టం గోడలకు అంటిన ఆయిల్ పుల్ల మీద పాకి ఉంటుంది. రెండు వైపులా చూసి, తక్కువ చూపించే వైపునే లెక్కలోకి తీసుకోండి. కొన్ని కంపెనీలు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడమంటాయి, కొన్ని వేడిగా ఉన్నప్పుడు. మీ కారుతో వచ్చిన మాన్యువల్ పుస్తకంలో ఎలా ఉంటే అలాగే చేయండి. ముఖ్యమైన సంగతేమిటంటే ప్రతిసారీ ఒకే చోట, ఒకే పద్ధతిలో చూడాలి.

ఇప్పుడు ఆయిల్‌ని సరిగ్గా పై గీత దాకా నింపి, కిలోమీటర్ల రీడింగ్ రాసుకోండి. 1000 కి.మీ. తిరిగాక అదే చోట ఆపి, మళ్లీ పై గీతకు రావడానికి ఎంత ఆయిల్ పట్టిందో కొలపాత్రతో చూడండి. చాలా కార్లలో కింది గీత నుంచి పై గీతకు తేడా దాదాపు ఒక లీటరు ఉంటుంది కాబట్టి అంచనాకు అదీ పనికొస్తుంది. కానీ కచ్చితమైన అంకె కొలపాత్రతోనే వస్తుంది. ఈ మధ్యలో 200, 300 కి.మీ.కు ఒకసారి మట్టం చూస్తూనే ఉండండి. పరీక్ష కోసం కింది గీత దాటనివ్వొద్దు.

ఒక చిన్న లెక్క చూడండి. 1000 కి.మీ.కు లీటరు అంటే కిలోమీటరుకు ఒక మిల్లీలీటరు, అంటే సుమారు 20 చుక్కలు. 60 కి.మీ. వేగంలో, 2500 ఆర్‌పీఎం మీద వెళ్తుంటే ఆ కిలోమీటరులో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) 2500 సార్లు తిరుగుతుంది. అన్ని చుట్లకీ, అన్ని సిలిండర్లకీ కలిపి పోయింది ఆ 20 చుక్కలే. సైలెన్సర్‌లో పొగ కనిపించకపోయినా అంత ఆయిల్ కాలిపోవచ్చని దీన్నిబట్టి అర్థమవుతుంది. లీకేజీ లెక్క కూడా ఇలాంటిదే. ఇంజన్ నడుస్తున్నప్పుడు నిమిషానికి మూడు చుక్కలు కారినా, అదే వేగంలో 1000 కి.మీ.కు 150 మి.లీ. పోయినట్టే.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటి ఉంది. రోజూ రెండు మూడు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలే చేస్తే ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోలు, నీటి ఆవిరి కొద్దికొద్దిగా ఆయిల్‌లో కలుస్తాయి. ఒకవైపు ఆయిల్ తగ్గుతున్నా, మరోవైపు ఇవి చేరడంతో మట్టం కదలనట్టే కనిపిస్తుంది. తర్వాత ఓ రోజు హైవే మీద 300 కి.మీ. వెళ్తారు. ఆ వేడికి కలిసినదంతా ఆవిరైపోయి మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. "ఒక్క ట్రిప్పులోనే అర లీటరు తాగేసింది" అనిపిస్తుంది కానీ నిజానికి అది నెలల తరబడి తగ్గుతూ వచ్చిన ఆయిల్. అందుకే 1000 కి.మీ. పరీక్షలో ఊళ్లో తిరుగుడు, హైవే రెండూ ఉండేలా చూసుకోండి. డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కార్లలో మట్టం పెరుగుతుంటే అదీ మంచిది కాదు. ఫిల్టర్ తనలో చేరిన మసిని కాల్చుకునేటప్పుడు డీజిల్ ఆయిల్‌లో కలుస్తోందని అర్థం.

మరో సంగతి, పై గీత దాటి పోయకండి. ఎక్కువైన ఆయిల్‌ని క్రాంక్ చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపరలు బ్రీదర్ పైపులోంచి (ఇంజన్ లోపలి గ్యాస్ బయటికి పోయే పైపు) ఇన్‌టేక్‌లోకి, అంటే ఇంజన్ గాలి పీల్చే దారిలోకి వెళ్లి కాలిపోతాయి. ఆయిల్ తగ్గుతోందని భయపడి అర లీటరు ఎక్కువ పోసేవాళ్లు ఆ అర లీటరునీ కోల్పోతారు, జబ్బు ఏమిటో తెలుసుకునే అవకాశాన్నీ కోల్పోతారు.

ఎంతైతే ఎక్కువ అనుకోవాలి? 1000 కి.మీ.కు అర లీటరు దాకా మామూలేనని కొన్ని కంపెనీల మాన్యువల్స్‌లో ఉంటుంది, కొన్నిటిలో లీటరు దాకా కూడా. అవి వారంటీ లెక్కలు. నా వరకు, బాగున్న ఇంజన్ 5000 కి.మీ. తిరిగినా పైన పోసే పని పెద్దగా పడకూడదు. 1000 కి.మీ.కు పావు లీటరు దాటితే కారణం వెతకడం మొదలుపెడతాను. అంకె కన్నా మార్పు ముఖ్యం. ఇన్నాళ్లూ తగ్గని ఇంజన్ ఉన్నట్టుండి తగ్గడం మొదలుపెట్టిందంటే ఏదో జరిగింది. కొత్త ఇంజన్, కొత్తగా రింగులు వేసిన ఇంజన్ మొదట్లో కాస్త ఎక్కువ తాగడం సహజమే, రింగులు సర్దుకున్నాక తగ్గుతుంది.

కారుతోందేమో చూడండి

రాత్రి కారు కింద పెద్ద అట్టపెట్టె ముక్క పరిచి, చక్రాలు ఎక్కడున్నాయో దాని మీద గీతలు గీయండి. ఉదయం మరక ఎక్కడ పడిందో చూస్తే సగం పని అయినట్టే. అయితే కొన్ని లీకులు ఇంజన్ వేడిగా, ఒత్తిడితో ఉన్నప్పుడే కారతాయి, ఆపగానే ఆగిపోతాయి. అందుకని అట్ట శుభ్రంగా ఉందంటే లీకు లేదని కాదు.

ఇంజన్‌ని డీగ్రీజర్‌తో కడిగి, ఆరనిచ్చి, ఓ 50 కి.మీ. తిరిగి వచ్చి టార్చి వేసి చూడండి. ఆయిల్ కిందికి జారుతుంది, నడుస్తున్నప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. కాబట్టి తడి ఎక్కడ ఎక్కువుందో అక్కడ కాదు, అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఎక్కడ తడిగా ఉందో అక్కడ వెతకాలి. వాల్వ్ కవర్ ప్యాకింగ్, ఆయిల్ ప్రెషర్ స్విచ్, ఫిల్టర్ అంచు, డ్రెయిన్ బోల్టు వాషర్, చాంబర్ ప్యాకింగ్, ముందు వైపు క్రాంక్ సీల్, టర్బోకి వెళ్లే పైపులు తరచూ కారే చోట్లు. ఫిల్టర్ మార్చిన వెంటనే లీకు మొదలైతే పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయిందేమో చూడండి. దాని మీద కొత్త రింగు పడితే లీకు ఖాయం.

మాన్యువల్ కారులో ప్రత్యేకంగా చూడాల్సింది ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటు. క్లచ్ ఉండే ఆ గూడు కింద నుంచి తడి కనిపిస్తే మూడింటిలో ఏదో ఒకటి కారుతున్నట్టు. రెండు వేళ్ల మధ్య ఒక చుక్క రుద్ది, వాసన చూడండి. నల్లగా, గోధుమ రంగులో, పల్చగా జారుతూ, కాలిన ఆయిల్ వాసన వస్తే ఇంజన్ ఆయిల్. అంటే వెనక వైపు క్రాంక్ సీల్ మీద అనుమానం. చిక్కగా, గంధకం లాంటి ఘాటు వాసన వస్తే గేర్ ఆయిల్, అప్పుడు చూడాల్సింది గేర్‌బాక్స్ షాఫ్ట్ సీల్. కాకపోతే కొన్ని గేర్‌బాక్సుల్లో పల్చటి ఆయిలే పోస్తారు కాబట్టి మీ కారులో ఏది వాడారో తెలుసుకున్నాకే తేల్చండి. నీళ్లలా ఉండి, క్లచ్ డబ్బాలో మట్టం కూడా తగ్గుతుంటే అది క్లచ్ ఫ్లూయిడ్. దానికీ ఇంజన్‌కీ సంబంధం లేదు.

వెనక సీల్ నుంచి కారిన ఆయిల్ క్లచ్ ప్లేట్ మీద పడిందా లేదా తెలుసుకోవడానికి ఖాళీ రోడ్డు చాలు. ఇంజన్ వేడెక్కాక, టాప్ గేర్‌లో 50 కి.మీ. వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కండి. స్పీడు పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే పైకి ఎగిరితే క్లచ్ జారుతోంది. మొదటి గేర్‌లో బండి కదిలేటప్పుడు ఊగినట్టు, వణికినట్టు ఉంటే అది కూడా ఆయిల్ పడిన ప్లేట్ లక్షణమే. అరిగిన ప్లేట్ కూడా జారుతుంది కాబట్టి గేర్‌బాక్స్ దించినప్పుడు ప్లేట్ మీద తడి ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఆయిల్ పీల్చుకున్న ప్లేట్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకండి. అది నిలవదు.

నా కారులో ఇలాగే వెనక సీల్ కారింది. గ్యారేజీలో గేర్‌బాక్స్ దించి సీల్, క్లచ్ ప్లేట్ రెండూ కొత్తవి వేశారు. నాలుగు నెలలకే అదే చోట మళ్లీ తడి. సీల్ నాసిరకం అన్నారు, ఇంకోటి వేద్దామన్నారు. ఈసారి నేనే బానెట్ ఎత్తి వాల్వ్ కవర్ నుంచి ఇన్‌టేక్‌కి వెళ్లే బ్రీదర్ పైపు ఊడదీశాను. బొటనవేలంత లావు పైపు, చేతిలో ఎండిన కర్రలా గట్టిగా ఉంది. లోపల నల్లటి జిగురు పేరుకుని, ఒక చివర నోరు పెట్టి ఊదితే రెండో చివర గాలి రావట్లేదు. ఇంజన్ లోపలి గాలికి బయటికి వెళ్లే దారి లేక సీల్‌ని నెట్టుకుని వస్తోందన్నమాట. పైపు, దాని వాల్వు మార్చాక వేసిన సీల్ ఇప్పటికీ పొడిగానే ఉంది. ఈ చిన్న పైపుని మొదటిసారే చూసి ఉంటే గేర్‌బాక్స్ రెండోసారి దించాల్సిన పని ఉండేది కాదు.

బ్రీదర్ పరీక్ష

పిస్టన్ రింగుల పక్క నుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ కిందికి దిగుతూనే ఉంటుంది. దాన్ని బయటికి లాగి మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపే ఏర్పాటే పీసీవీ వాల్వు, బ్రీదర్ పైపు. ఇవి మూసుకుపోతే ఒత్తిడి సీళ్ల మీద పడుతుంది. తెరుచుకుని ఉండిపోతే ఇన్‌టేక్ ఆయిల్ తుంపరల్ని లాగేస్తుంది. రెండు రకాలుగానూ ఆయిల్ పోతుంది.

ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత విప్పి, ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టండి. పెట్రోలు ఇంజన్ అయితే కాగితం మెల్లగా లోపలికి లాగబడాలి. పైకి తన్నుకొస్తూ, పొగ ఫుస్‌ఫుస్ మని కొడుతుంటే బ్రీదర్ మూసుకుపోయింది, లేదంటే రింగుల పక్క నుంచి గ్యాస్ ఎక్కువ దిగుతోంది. మూత తీయడానికే బలం పట్టి, ఈలలాంటి చప్పుడు వస్తుంటే వాల్వు లోపలి రబ్బరు పొర చిరిగి ఉండొచ్చు. కొన్ని ఇంజన్లలో మూత తీస్తే ఐడిల్ తడబడటం, ఆయిల్ చిందడం మామూలే, కాబట్టి కళ్లకు, చేతులకు జాగ్రత్త. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ ఉండే పని ఇది. అనుమానం ఉంటే ముందు ఈ వాల్వు మార్చేసి, 1000 కి.మీ. కొలత మళ్లీ చేయండి.

గేర్లతో పొగ పరీక్ష

లీకు లేదు, బ్రీదర్ బాగుంది, అయినా తగ్గుతోందంటే లోపల కాలుతోంది. ఎక్కడి నుంచి దిగుతోందన్నది ఎప్పుడు పొగ వస్తుందో చెబుతుంది. చూడాల్సింది నీలం రంగు పొగ కోసం. చలి పొద్దున వచ్చే తెల్లటి ఆవిరిని పట్టించుకోనక్కర్లేదు. ఇంజన్ వేడెక్కినా తెల్లటి పొగ ఆగకుండా, కూలెంట్ కూడా తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగమైన హెడ్ కింద ఉండే ప్యాకింగ్) పోయిన లక్షణం. నల్లటి పొగ ఇంధనం ఎక్కువవడం వల్ల.

మొదటి పరీక్ష పొద్దున. రాత్రంతా ఆగిన కారుని స్టార్ట్ చేస్తుండగా ఎవరినైనా సైలెన్సర్ దగ్గర నిలబడి చూడమనండి. ఒక్క గుప్పెడు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ (వాల్వు కాడల చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు) గట్టిపడ్డాయి. రాత్రంతా పైనున్న ఆయిల్ చుక్కలుగా వాల్వు కాడల వెంట దిగి చేరింది.

రెండోది మాన్యువల్ కారులో ఎంతో తేలిగ్గా చేయగల పరీక్ష. వెనక వాహనాలు లేని పొడవైన దిగుడు రోడ్డు చూసుకోండి. ఇంజన్ బాగా వేడెక్కాక, 2 లేదా 3వ గేర్‌లో సుమారు 3500 ఆర్‌పీఎం వచ్చేలా చేసి, యాక్సిలరేటర్ మీద నుంచి కాలు పూర్తిగా తీసేయండి. క్లచ్ తొక్కొద్దు. గేర్‌లోనే 15, 20 సెకన్లు దిగనివ్వండి. స్పీడు ఎక్కువవుతుంటే బ్రేకు వాడండి. తర్వాత యాక్సిలరేటర్ గట్టిగా నొక్కండి. వెనక మరో కారులో ఒకరు దూరంగా వస్తూ చూస్తే మేలు, అద్దంలో చూస్తే సగమే తెలుస్తుంది.

ఆ కొద్ది సెకన్లలో లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఫలితం సులభంగా చదవొచ్చు. కాలు తీయగానే థ్రాటిల్ (ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలోని తలుపు) మూసుకుంటుంది, ఈ రోజుల్లో ఇంజన్లు ఇంధనాన్ని కూడా ఆపేస్తాయి. కానీ చక్రాలు ఇంజన్‌ని వేగంగా తిప్పుతూనే ఉంటాయి. మూసుకున్న థ్రాటిల్ వెనక పిస్టన్లు గాలి కోసం లాగుతుంటే ఇన్‌టేక్‌లో శూన్యత బాగా పెరుగుతుంది. పైనుంచి రింగుల్ని నెట్టే మంట ఒత్తిడీ లేదు. కాబట్టి వాల్వు కాడల వెంట, రింగుల పక్క నుంచి ఆయిల్ లోపలికి పీల్చుకుపోతుంది. మళ్లీ యాక్సిలరేటర్ నొక్కగానే చేరిందంతా ఒక్కసారిగా కాలి నీలం మబ్బులా బయటికి వస్తుంది. ఒక్క మబ్బు వచ్చి ఆగిపోతే వాల్వ్ సీల్స్ లేదా గైడ్ల (వాల్వు కాడ కదిలే గొట్టాల) మీద అనుమానం ఎక్కువ. మబ్బు తర్వాత కూడా, లాగుతున్నంతసేపూ పొగ వస్తూనే ఉంటే రింగుల వైపు చూడాలి. డీజిల్ ఇంజన్లలో ఇన్‌టేక్‌లో ఇంత శూన్యత రాదు కాబట్టి ఈ పరీక్ష పెట్రోలు కార్లకే.

సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగున్నంతకాలం కొంత ఆయిల్‌ని పొగ కనిపించకుండా కాల్చేస్తుంది. అందుకని పొగ లేదంటే ఇంజన్ ఆయిల్ కాల్చట్లేదని తేల్చేయకండి. ఆయిల్‌లోని భాస్వరం, బూడిద ఆ కన్వర్టర్‌నే మెల్లగా చంపుతాయి. "పోనీలే, నెలకో లీటరు పోసుకుంటే సరి" అనుకునేవాళ్లు ఈ ఖర్చుని కూడా లెక్కలో వేసుకోవాలి.

ప్లగ్గులు, కంప్రెషన్

స్పార్క్ ప్లగ్గులు విప్పి ఏ సిలిండర్‌ది ఏదో గుర్తుపెట్టుకుని వరుసగా పేర్చండి. మిగతావన్నీ లేత గోధుమ రంగులో ఉండి ఒక్కటే నల్లగా, జిడ్డుగా ఉంటే జబ్బు ఆ ఒక్క సిలిండర్‌లోనే ఉంది. జిడ్డు ప్లగ్ మరల (థ్రెడ్ల) మీద మాత్రమే ఉండి కొస పొడిగా ఉంటే అది లోపలి నుంచి వచ్చింది కాదు, వాల్వ్ కవర్ దగ్గరున్న ప్లగ్ గొట్టం సీల్ నుంచి దిగింది. దీన్ని చూసి రింగులు పోయాయనుకునే వాళ్లున్నారు.

కంప్రెషన్ పరీక్షకు, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడితో నొక్కుతోందో కొలవడానికి, ఇంజన్ వేడిగా ఉండాలి. అన్ని ప్లగ్గులూ తీసి, ఇంధనం, ఇగ్నిషన్ ఆపేసి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి స్టార్టర్ తిప్పాలి. ఉండాల్సిన ఒత్తిడి కారుని బట్టి మారుతుంది, సిలిండర్ల మధ్య తేడా మాత్రం 10, 15 శాతం దాటకూడదు. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చిన్న చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. ఒత్తిడి బాగా పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు లేదా హెడ్ గ్యాస్కెట్.

లీక్‌డౌన్ పరీక్ష ఇంకా స్పష్టంగా చెబుతుంది. పిస్టన్‌ని పైకొసకు తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి ఎక్కించి, అది ఎటు పోతుందో వినడమే. ఆయిల్ మూత దగ్గర బుస్సుమంటే రింగులు, సైలెన్సర్‌లో అయితే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గర అయితే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. గాలి ఒత్తిడికి పిస్టన్ కిందికి జారిపోకుండా ఉండాలంటే మాన్యువల్ కారులో టాప్ గేర్ వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డం పెడితే చాలు. ప్లగ్గులు తీసేశాక టాప్ గేర్‌లో కారుని మెల్లగా నెట్టి పిస్టన్‌ని పైకి తెచ్చుకోవచ్చు కూడా. గాలి ఎక్కించేటప్పుడు కారు ముందు, వెనక ఎవరూ నిలబడొద్దు.

ఇప్పుడు చెప్పేది గుర్తుంచుకోండి. కంప్రెషన్ బాగుందని రింగులు బాగున్నట్టు కాదు. ఒత్తిడిని ఆపేవి పై రెండు రింగులు, ఆయిల్‌ని గీకి కిందికి పంపేది మూడోది. దాని వెనకున్న సన్నటి రంధ్రాలు మసితో మూసుకుపోయి రింగు గాడిలో అతుక్కుపోతే కంప్రెషన్ చక్కగానే వస్తుంది, ఆయిల్ మాత్రం లీటర్ల కొద్దీ పోతుంది. ఆయిల్ ఆలస్యంగా మార్చే కార్లలో ఇది చాలా సాధారణం.

టర్బో, డీజిల్ కారు ఉన్నవాళ్లకు

ఇంటర్‌కూలర్‌కి వెళ్లే పైపు విప్పి చూడండి. లోపల పల్చటి జిడ్డు పొర ఉండటం మామూలే. వంచితే ఆయిల్ ధారగా కారితే టర్బో సీల్ మీద గానీ, బ్రీదర్ మీద గానీ అనుమానం. డీజిల్‌లో దీన్ని నిర్లక్ష్యం చేస్తే ప్రమాదం ఉంది. ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ తనంతట తాను రేజ్ అవుతుంది, తాళం తిప్పినా ఆగదు. అప్పుడు మాన్యువల్ కారులో ఉన్న దారి ఇదీ. కారు ఆగి ఉంటే బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, క్లచ్ తొక్కి టాప్ గేర్ వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలేయండి. ఇంజన్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది. కదులుతుంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో వదలకండి, టాప్ గేర్‌లో ఉంచి బ్రేకుతో ఆపండి. క్లచ్ జారి ఆగకపోతే కారు దిగి, అందరినీ దూరంగా తీసుకెళ్లండి. బానెట్ ఎత్తి చేత్తో గాలి పైపు మూయాలని చూడొద్దు.

కారణం దొరికాక

వాల్వ్ సీల్స్ అయితే భయపడాల్సిన పని లేదు. చాలా ఇంజన్లలో హెడ్ దించకుండానే, సిలిండర్‌లో గాలి నింపి వాల్వులు కింద పడకుండా పట్టి, సీల్స్ మార్చేయొచ్చు. ఈ మాట తెలిస్తే "ఇంజన్ దించాల్సిందే" అన్నవాళ్లని ఎందుకో అడగగలుగుతారు. గైడ్లు కూడా అరిగి ఉంటే హెడ్ విప్పక తప్పదు.

వెనక క్రాంక్ సీల్ కోసం గేర్‌బాక్స్ దించాలి. సీల్ ఖరీదు చిన్నది, కూలీ పెద్దది. అందుకే లీకు కొద్దిగానే ఉండి, క్లచ్ ఇంకా జారకుండా, అరగడానికి దగ్గరపడి ఉంటే రెండూ కలిపి చేయించుకోండి. దించినప్పుడు గేర్‌బాక్స్ షాఫ్ట్ సీల్, రిలీజ్ బేరింగ్ కూడా చూడమనండి. ఫ్లైవీల్ బోల్టుల మరల వెంట ఆయిల్ వచ్చే ఇంజన్లు కొన్ని ఉన్నాయి, వాటికి సీలెంట్ రాయాలి. కొన్ని కొత్త రకం సీళ్లకు ఆయిల్ రాయకుండా పొడిగానే బిగించాలి, అలవాటు కొద్దీ ఆయిల్ పూస్తే అవి కారతాయి. సీల్ పెట్టె మీద ఏం రాసిందో చదివించండి.

ఆయిల్ రింగు మసితో అతుక్కుందనిపిస్తే మంచి ఆయిల్ వేసి, మార్చే గడువు సగానికి తగ్గించి రెండు మూడు సార్లు చూడండి. ప్లగ్ రంధ్రాల్లోంచి పిస్టన్ల మీద కార్బన్ కరిగించే ద్రవం పోసి నానబెట్టడం వల్ల కొన్ని ఇంజన్లు కోలుకుంటాయి, అన్నీ కాదు. ఆ పని చేస్తే ద్రవమంతా తీసేసి, వెంటనే ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. బోరులో (సిలిండర్ లోపలి గోడ మీద) గీతలు పడి ఉంటే మాత్రం ఏ ద్రవమూ పనిచేయదు, లేత్‌కి పంపాల్సిందే.

ఆయిల్ గ్రేడు మీ ఇష్టానికి చిక్కగా వేయకండి. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30తో పాటు 5డబ్ల్యూ-40 కూడా రాసి ఉంటే చిక్కటిది వాడి చూడొచ్చు. లేకపోతే వద్దు, చాలా ఇంజన్లలో వేరియబుల్ వాల్వ్ టైమింగ్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే ఏర్పాటు) ఆయిల్ ఒత్తిడి మీదే నడుస్తుంది. డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్ ఉన్న కారులో బూడిద తక్కువుండే ఏసీఈఏ సి రకం (యూరప్ కార్ల కంపెనీల ప్రమాణం, డబ్బా మీద రాసి ఉంటుంది) ఆయిలే వాడాలి.

నడిపే తీరు

ఎంత వేగంగా తిరిగితే అంత ఆయిల్ పోతుంది. 3000 ఆర్‌పీఎం అంటే ప్రతి పిస్టన్ నిమిషంలో 3000 సార్లు పైకి, 3000 సార్లు కిందికి. కాబట్టి సమతల రోడ్డు మీద నాలుగో గేర్‌లో లాగుతూ ఉండిపోకండి. అలాగని 1200 ఆర్‌పీఎంలో టాప్ గేర్ వేసి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కడమూ తప్పే, అది రింగుల మీద, బేరింగుల మీద భారం.

ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగ్ మానేయమని మాత్రం నేను చెప్పను. ఆయిల్ కన్నా బ్రేకులు ముఖ్యం. న్యూట్రల్‌లో దిగడం ఎప్పుడూ వద్దు. 4500 ఆర్‌పీఎంలో అరిచే గేరు బదులు 2500, 3000 దగ్గర పట్టి ఉంచే గేరు సరిపోయే చోట అదే వేయండి, కిందికి దిగాక ఇంజన్ ఆపి డిప్‌స్టిక్ చూడండి.

ఐదో గేర్ నుంచి నాలుగుకి వేయబోయి పొరపాటున రెండులో పడేస్తే ఇంజన్ ఎర్రగీత దాటి తిరుగుతుంది. రెవ్ లిమిటర్ ఇంధనాన్ని ఆపగలదే గానీ, చక్రాలు తిప్పుతుంటే ఇంజన్‌ని ఆపలేదు. అలాంటిది జరిగాక పొగ, మిస్సింగ్, ఆయిల్ తగ్గడం మొదలైతే ఆ సంగతి మెకానిక్‌కి దాచకుండా చెప్పి కంప్రెషన్ చూపించండి.

కారణం తేలేదాకా అదే గ్రేడు ఆయిల్ ఒక లీటరు డిక్కీలో ఉంచుకోండి, పెట్రోలు పోయించిన ప్రతిసారీ మట్టం చూడండి. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ దీపం మట్టాన్ని కాదు, ఒత్తిడిని చూపిస్తుంది. అది మలుపుల్లో మిణుకుమన్నా ఆయిల్ అప్పటికే చాలా కిందికి పోయినట్టు. వెలిగిందంటే వెంటనే పక్కకు తీసి ఆపి, ఇంజన్ ఆపేయండి. "ఇంకో రెండు కిలోమీటర్లేగా" అనుకుంటే బేరింగులు పోతాయి.

రిపేరు అయ్యాక మళ్లీ పై గీత దాకా నింపి, కొత్త పేజీలో రీడింగ్ రాయండి. సీళ్లు, బ్రీదర్ మార్చి ఉంటే తేడా మొదటి 1000 కి.మీ.లోనే తెలుస్తుంది. రింగులు కొత్తవైతే మొదటి లెక్క చూసి కంగారు పడకండి. ఒకే వేగంలో గంటల తరబడి నడపకుండా గేర్లు మారుస్తూ, ఆర్‌పీఎం పైకీ కిందికీ పోనిస్తూ నడిపి, రెండో 1000, మూడో 1000 లెక్కల్ని పాత లెక్క పక్కన రాసి చూడండి.